పాడైన నమూనా

లుగాంగ్ ఊళ్ళో గుళ్ళకు కొదవ లేదు, గుళ్ళ ముందు వేలాడే లాంతర్లకూ కొదవ లేదు. వాటి మీద అక్షరాలు చేత్తో రాసేవాళ్ళకే కరువొచ్చింది. ఒకప్పుడు పాత బజారులో ఎనిమిది లాంతరు దుకాణాలు, ఎనిమిది చేతులు ఉండేవి. ఇప్పుడు మిగిలిన చెయ్యి షీ చాంగ్‌ఫా మేస్త్రిది ఒక్కటే. దానికీ రెండేళ్ళ కిందట వణుకు పట్టుకుంది.

మేస్త్రి కూతురు యాన్‌రు పక్క పట్నంలో వృత్తివిద్యా పాఠశాలలో ఆఖరి ఏడు చదువుతోంది. ఆఖరి ఏడు పిల్లలు ముగ్గురేసి జట్టుకట్టి ఏదో ఒక యంత్రం సొంతంగా చేసి, నివేదిక రాసి, పరీక్షకుల ముందు నడిపి చూపించాలి. చేపల తొట్టికి మేత వేసే పెట్టె, తడి గొడుగులు ఆరబెట్టే బీరువా, ఏటా అవే వస్తాయి. పోయినేటి వాళ్ళ నివేదికలో పేర్లు మార్చి ఇచ్చినా, వాటిని దిద్దే లియావ్ సారు చూసీ చూడనట్టు ఊరుకుంటాడని బడిలో గోడలక్కూడా తెలుసు.

అలాంటి చోట యాన్‌రు జట్టు, కంప్యూటరు చెప్పినట్టు కుంచెతో గీసే యంత్రం చేస్తామని రాసిచ్చింది. అదీ కాగితం మీద కాదు.

"లాంతరు మీదేంటమ్మా?" అన్నాడు లియావ్ సారు.

"లాంతరు గుండ్రంగా ఉంటుంది సార్."

"నాకూ తెలుసు. గుండ్రంగా ఉంటుందనే అడుగుతున్నా. బల్లపరుపు కాగితం మీద గీసి పాసయిపోక, ఈ బుడగ మీద ఎందుకూ అవస్థ?"

అసలు సంగతి ఆమె సారుకి చెప్పలేదు. నాన్న చెయ్యి పూర్తిగా పోకముందే దాన్ని ఎక్కడో ఒకచోట దాచిపెట్టాలి. ఆమెకు కావలసింది అదొక్కటే. మార్కులు మిగతా ఇద్దరికి కావాలి.

ఆ ఇద్దరిలో ఒకడు కో హాన్‌షెంగ్. ప్రోగ్రాము రాసేది అతనే. వేళ్ళ కంటే నోరు చురుకు. రెండోవాడు దింగ్‌యువాన్, స్కూటర్లు బాగుచేసే వాళ్ళబ్బాయి. రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. కానీ పాత ఇనుము కొట్లో చచ్చిపోయిన మూడు ప్రింటర్లు ఏరుకొచ్చి, వాటి మోటార్లు, బెల్టులు, కడ్డీలు విప్పి, యంత్రానికి ఒళ్ళు తెచ్చింది అతనే. మేస్త్రి దుకాణం వెనకగదిలో వెదురు బద్దల మధ్య, గుడ్డ అంటించిన తెల్ల లాంతర్ల మధ్య, రెండు నెలల్లో అది లేచి నిలబడింది. లాంతరుని గుచ్చి తిప్పే ఇరుసు ఒకటి, దాని పక్కన మూడు కీళ్ళ చెయ్యి ఒకటి, ఆ చేతి కొసన కుంచె పట్టుకునే బిగింపు. మొదటి వారం ఆ చెయ్యి నాలుగు లాంతర్లకు చిల్లులు పెట్టింది. మేస్త్రి భార్య బావోజూ నాలుగింటికీ గుడ్డముక్కలు అతికింది.

అప్పుడు హాన్‌షెంగ్ మొక్కజొన్న పేలాల ఆకుపచ్చ పొట్లం ఒకటి తెచ్చి యంత్రం నెత్తిన పెట్టాడు. ఆ తిండి పేరుకే బుద్ధిగా ఉండమని అర్థం. ఆ దేశంలో బుద్ధి గల యంత్రం ఏదైనా దాన్ని నెత్తిన పెట్టుకోకుండా పనిచేయదు.

మేస్త్రి నడుం మీద చేతులు పెట్టుకుని దాన్ని తేరిపార చూశాడు. "మా పనికి మేం సముద్రపు తల్లికి మొక్కుకుంటాం. మీరు పేలాలకి మొక్కుతారట్రా?"

"పచ్చదే పెట్టాలి మేస్త్రిగారూ. పసుపుది పెడితే మొరాయిస్తుంది. గడువు తేదీ దాటిపోయినా మొరాయిస్తుంది. ఎవరైనా తినేశారా, ఇక అంతే సంగతులు."

"మీ దేవుడికి గడువు తేదీ కూడా ఉందన్నమాట."

అన్నాడే గానీ, మర్నాడు బజారు నుంచి వస్తూ తనే ఇంకో పచ్చ పొట్లం కొని తెచ్చాడు. మొదటి దానికి గడువు దగ్గరపడిందని, తను తెచ్చినదానికి ఫిబ్రవరి దాకా ఢోకా లేదని చెప్పి, అద్దాలు పైకెత్తి తేదీ చదివి మరీ పెట్టాడు.

మేస్త్రి చేతిని యంత్రంలోకి ఎక్కించుకునే రోజు వచ్చింది. అక్టోబరు, శనివారం మధ్యాహ్నం. మోటార్లు ఆపేస్తే యంత్రం చెయ్యి ఎటు లాగితే అటు వస్తుంది. దాని కొసనున్న కుంచెను మేస్త్రి పట్టుకుని రాస్తే, కీళ్ళు ఎంతెంత తిరిగాయో కంప్యూటరు రాసుకుంటుంది.

"తర్వాత మోటార్లు అదే దారిలో నడుస్తాయి," అని హాన్‌షెంగ్ విడమరిచి చెప్పాడు.

"నేను తప్పు రాస్తే?"

"అదీ రాసుకుంటుంది."

"అయితే మా ఆవిడ లాంటిదే."

బావోజూ మూలన కూర్చుని బంక ఉడకబెడుతోంది. "ఆవిడ రాసుకున్నది చదివితే తెల్లారిపోతుంది," అంది తలెత్తకుండానే.

ముందు ఊరికే ఒక అడ్డగీత గియ్యమన్నారు. కుంచె పట్టిన ఏ పిల్లాడైనా మొదట నేర్చుకునేది అదే. మేస్త్రి ఎడమ చేత్తో లాంతరు ఆనించుకుని, ఊపిరి బిగబట్టి కుంచె దించాడు. చెయ్యి వణికింది. గీత వణుక్కుంటూ బయల్దేరింది. సగం దూరం వచ్చేసరికి బావోజూ లేచి వచ్చి, అరచెయ్యి ఆయన మోచేతి కింద పెట్టింది. రెండేళ్ళుగా ఆమె అలా పెడుతూనే ఉంది. ఆయన పెట్టమని అడిగిందీ లేదు, ఆమె పెడుతున్నానని చెప్పిందీ లేదు. మిగతా సగం గీత తిన్నగా నడిచింది.

"పిన్నీ, పిన్నీ, ముట్టుకోకండి," అని హాన్‌షెంగ్ గాభరాగా లేచాడు. "మీ చెయ్యి కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. అంతా పాడవుతుంది."

వేడి గిన్నె తగిలినట్టు ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "నాకేం తెలుసు నాయనా," అంటూ ఆ చేతిని నడుముకి కట్టిన గుడ్డకి తుడుచుకుని బంక దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత యంత్రం దగ్గరికి మళ్ళీ రాలేదు. హాన్‌షెంగ్ ఆ గీతకి "పాడైంది" అని పేరు పెట్టి పక్కన పడేశాడు.

రెండో గీత మేస్త్రి ఒంటరిగా గీశాడు. దాన్ని హాన్‌షెంగ్ తెర నిండా పెద్దది చేసి చూపించాడు. గీత పెద్దదయితే వణుకూ పెద్దదవుతుంది కదా, ఆ మాత్రం ఆ పిల్లాడికి తట్టలేదు. మేస్త్రి తన వణుకుని అంత పెద్దగా ఎన్నడూ చూడలేదు. కుంచె కింద పెట్టేశాడు.

"ఇది దాస్తారా? నేను పోయాక నలుగురూ చూసేది ఇదా?"

ఇప్పుడాయన లేచి వెళ్ళిపోతే ఇక కూర్చోడని యాన్‌రుకి తెలుసు. "వణుకు తీసేస్తాం నాన్నా. కంప్యూటర్లో తీసేయొచ్చు. గీత నున్నగా అయిపోతుంది."

"మాటేనా?"

"మాట."

"వణుకు ఉన్నది ఎక్కడా మిగలకూడదు."

"మిగలదు నాన్నా."

ఆయన మళ్ళీ కుంచె అందుకున్నాడు. పదకొండు మధ్యాహ్నాలు కూర్చున్నాడు. ఊళ్ళో ఉన్న ఇంటిపేర్లన్నీ, గుళ్ళ ముందు రాసే దీవెనలన్నీ, అరవై నాలుగు అక్షరాలు రాశాడు. రాస్తూ చెబుతూనే ఉన్నాడు. ఇక్కడ కుంచె నిలబెట్టి ఒక్క క్షణం ఆగాలి. ఇక్కడ కొస విదిలించాలి, గేలం వేసినట్టు. ఇక్కడ బరువు దించి ఊపిరి వదలాలి. యాన్‌రు తలూపుతూనే ఉంది గానీ కాగితం మీద ఒక్క ముక్క రాసుకోలేదు. అంతా యంత్రం రాసుకుంటోంది కదా అనుకుంది.

హాన్‌షెంగ్ గీతల్ని నున్నగా చేసే ప్రోగ్రాము రాశాడు. అది ఒక రకం జల్లెడ. త్వరత్వరగా అటూ ఇటూ కదిలినదాన్నల్లా ఏరేసి, నిదానంగా నడిచినదాన్ని ఉంచుతుంది. జల్లెడకి రాయేదో గింజేదో తెలియదు, దానికి తెలిసింది కన్నం ఒక్కటే. వణుకూ త్వరగానే కదులుతుంది, కొస విదిలింపూ త్వరగానే కదులుతుంది. రెండూ కలిసి కొట్టుకుపోయాయి. పిల్లలు ముగ్గురూ చూసింది మాత్రం వణుకు పోవడమే. దింగ్‌యువాన్ కూడా ఆ రోజు "బాగుంది" అని పైకే అన్నాడు.

వణుకున్న ఫైళ్ళని యాన్‌రు నాన్న ఎదుటే చెరిపేసింది. ఖాళీ అయిన తెరని ఆయన కాసేపు చూసి, కూతురి భుజం తట్టాడు.

డిసెంబరులో ప్రదర్శన జరిగింది. పరీక్షకుల్లో ఒకాయన లాంతరు మీది అక్షరాన్ని వేలితో తడిమి "ఎంత నున్నగా వచ్చింది" అని మెచ్చుకున్నాడు. రెండో బహుమతి వచ్చింది. ఆ లాంతరు పట్టుకుని ముగ్గురూ పరుగున దుకాణానికి వచ్చారు.

మేస్త్రి దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి నెమ్మదిగా తిప్పి చూశాడు. ఒకచోట ఆగాడు.

"ఇక్కడ నేను కొస విదిలించాను."

"అదీ వణుకే అనుకుని ఉంటుంది మేస్త్రిగారూ," అన్నాడు హాన్‌షెంగ్ తల గోక్కుంటూ.

"పోన్లే. దానికేం తెలుసు." మేస్త్రి నవ్వాడు. "బాగుంది. శుభ్రంగా ఉంది."

ఆ సాయంత్రం ఆయన తన కుంచెలన్నీ గోరువెచ్చటి నీళ్ళలో కడిగి, ఆరబెట్టి, వరసగా మేకులకి తగిలించాడు. మర్నాడు తియ్యలేదు. ఆ పై రోజూ తియ్యలేదు. నాన్నకి పని తేలికైందని యాన్‌రు సంబరపడింది. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సంగతి ఆ సంబరంలో ఎవరికి కనిపిస్తుంది? కొత్త సంవత్సరం లాంతర్లు ఆ ఏడు యంత్రమే రాసింది. మేస్త్రి మూలన భార్య పక్కన కూర్చుని బంక రాశాడు. కొన్నవాళ్ళు బాగున్నాయన్నారు. ఎవరు రాశారని ఒక్కరూ అడగలేదు.

ఫిబ్రవరి ఆఖరున సముద్రం మీంచి చలిగాలి వచ్చిపడింది. మూడోరోజు పొద్దున బావోజూ గంజి కాచి పిలిస్తే ఆయన పలకలేదు. నిద్రలోనే పోయాడు. అరవై రెండేళ్ళు.

చావు వచ్చిన ఇంటి గుమ్మానికి జత లాంతర్లు కట్టి, వాటి మీద ఇంటిపేరు రాయాలి. సాగనంపే పొద్దుటికి అవి వెలగాలి. ఊళ్ళో నలభై ఏళ్ళుగా ఎందరి గుమ్మాలకో రాసింది చాంగ్‌ఫా మేస్త్రే. ఇప్పుడు ఆయన గుమ్మానికి రాసే చెయ్యి లేదు. వీధి చివర ముద్రించే దుకాణం వాడు ఊరికే ఇస్తానని కబురు చేశాడు. మంచివాడే. కానీ యాన్‌రు ఒప్పుకోలేదు. నాన్న చెయ్యి తన దగ్గర ఉందని, ఇన్నాళ్ళూ దాచింది ఇలాంటి రోజుకేనని, తల్లికి చెప్పి యంత్రం ముందు కూర్చుంది.

మోటార్లు మూలిగాయి. అరగంటలో ఇంటిపేరు తెల్ల లాంతరు మీదికి వచ్చింది. ఎక్కడా వంక లేదు. బావోజూ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, రోజూ అన్నం వండే మనిషి బియ్యం చూసినట్టు చూసింది.

"అక్షరం బాగానే ఉంది," అంది. "ముద్ర కొట్టినట్టుంది. మీ నాన్న ఇదిగో, ఇక్కడ ఆగేవాడు. ఇక్కడ విదిలించేవాడు. ఇందులో ఆయన లేడే."

ఆమె నిందించలేదు. ఉన్న మాట చెప్పింది. అందుకే అది యాన్‌రుకి తిన్నగా వెళ్ళి తగిలింది. నాన్న చేతిని దాచడానికి కూర్చుని, దాన్ని తన వేళ్ళతో తనే చెరిపేసింది. పదకొండు మధ్యాహ్నాలు ఆయన చెప్పిన మాటల్లో ఒక్కటీ రాసుకోలేదు. పైగా ఆయన్ని బతికుండగానే కుంచెకి దూరం చేసింది. అప్పటిదాకా ఏడవని పిల్ల ఇరుసు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. కడుపులోంచి వచ్చే ఆ ఏడుపు వీధిలోకి వినబడింది.

మధ్యాహ్నం హాన్‌షెంగ్, దింగ్‌యువాన్ వచ్చారు. దింగ్‌యువాన్ యంత్రం నెత్తిన పొట్లం చూశాడు. మేస్త్రి కొన్నదే. గడువు తేదీ వెళ్ళిపోయి నాలుగు రోజులైంది. జేబులోంచి కొత్తది తీసి పెట్టబోయి, పాతది తియ్యడానికి చెయ్యి రాక, రెండూ పక్కపక్కన ఉంచాడు.

యాన్‌రు సంగతి చెప్పింది. చెరిపేసినవి తిరిగి రాబట్టొచ్చేమో అని హాన్‌షెంగ్ రెండు గంటలు కిందా మీదా పడ్డాడు. వాటి మీద కొత్త సంవత్సరం లాంతర్ల ఫైళ్ళు ఎప్పుడో కూర్చున్నాయి. ఏమీ రాలేదు. అతను కుర్చీలో వెనక్కి వాలినవాడల్లా మళ్ళీ ముందుకి జరిగాడు.

"ఒక్కటుందే."

"ఏది?"

"నివేదికలో 'ఎదురైన ఇబ్బందులు' అని ఓ అధ్యాయం ఉండాలి కదా. నింపడానికి ఏమీ లేక, అందులో పెట్టాను. నా సొంత కంప్యూటర్లో ఉంది." తలదించుకుని తెర ఆమె వైపు తిప్పాడు. కింద అతనే రాసిన వాక్యం ఉంది. బయటి చెయ్యి తగలడం వల్ల పాడైన నమూనా. "ఒక్క అడ్డగీతే. మొదటిరోజుది. వణుకు తియ్యలేదు. దేనికీ పనికిరాదని అలాగే వదిలేశా."

యాన్‌రు ఇంకో తెల్ల లాంతరు ఇరుసుకి ఎక్కించింది. నాన్న కుంచెల్లోంచి ఒకటి మేకు మీంచి తీసి, సిరాలో తడిపి, యంత్రం చేతికి బిగించింది. హాన్‌షెంగ్ మీట నొక్కాడు.

యంత్రం చెయ్యి పైకి లేచింది. లాంతరు దగ్గరికి వచ్చి, తాకబోతూ ఆగింది. అక్కడ ఆయన ఊపిరి బిగబట్టాడు. తర్వాత కుంచె దిగింది, చెయ్యి వణికింది. మోటార్లు గుర్రుమనడం మాని, చలికి పళ్ళు కొట్టుకున్నట్టు టకటకలాడాయి. గీత వణుక్కుంటూ బయల్దేరింది. అది ఆయనే. యాన్‌రు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ చప్పుడుకి బావోజూ ముందుగదిలోంచి వచ్చింది. గుమ్మంలో నిలబడి వణుకుతున్న ఆ చేతిని చూసింది. చూసి, ఏమీ ఆలోచించకుండా, రెండేళ్ళ అలవాటు కొద్దీ గబగబా వచ్చి, మోచెయ్యిలా వంగిన కీలు కిందికి అరచెయ్యి చాపింది. హాన్‌షెంగ్ నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు.

ఆమె చెయ్యి ఇంకా జానెడు దూరంలో ఉండగానే వణుకు ఆగిపోయింది. మిగతా సగం గీత తిన్నగా, తొణక్కుండా చివరిదాకా నడిచింది.

బావోజూ చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. గీత వంక చూసింది, కీలు వంక చూసింది.

"అక్కడ నేను పట్టుకున్నాను," అంది.

"అవును పిన్నీ," అన్నాడు హాన్‌షెంగ్. "అక్కడే."

ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, వాటిని తుడుచుకోవాలని కూడా ఆమెకు తోచలేదు. తర్వాత కూతురి వైపు తిరిగింది.

"ఆ గీత కింద మన ఇంటిపేరు నువ్వు రాయి. వంకరగా వచ్చినా సరే, చేత్తోనే రాయి. గుమ్మానికి జత కావాలి కదా, రెండో లాంతరు కూడా ఎక్కించు. మళ్ళీ ఒకసారి గియ్యమను ఆయన్ని."

యాన్‌రు రెండో లాంతరు ఎక్కించింది. దింగ్‌యువాన్ బావోజూకి ముక్కాలి పీట తెచ్చి వేశాడు. ఈసారి ఆమె ముందే వచ్చి యంత్రం పక్కన కూర్చుంది. కుంచె దిగినప్పటి నుంచి గీత ముగిసేదాకా ఆ వణికే చేతి కింద తన అరచెయ్యి పట్టి ఉంచింది. తాకలేదు. తాకితే పాడవుతుందని పిల్లలు చెప్పారు కదా.